శూన్యంలో అరిగే లోహం: వాక్యూమ్ బ్రేకర్ కాంటాక్టుల పనితీరు, ఆయుష్షు

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్ వంటి జనసమ్మర్ద ప్రాంతంలో ఒక విద్యుత్ ఫీడర్‌పై షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే, దానిని అక్కడికే పరిమితం చేయవలసిన బాధ్యత సబ్‌స్టేషన్‌లోని సర్క్యూట్ బ్రేకర్‌ది. అది విఫలమైతే పైస్థాయి బ్రేకర్ తెరుచుకొని, లోపంతో సంబంధం లేని వీధులు సైతం చీకటిలో మునుగుతాయి. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఈ ఉక్కు నగరంలోనే గాక, దేశమంతటా 11, 33 కిలోవోల్టుల వ్యవస్థలలో వాక్యూమ్ బ్రేకర్ల వాడకం విస్తృతంగా ఉన్నది. వాటి పనితనమంతా రెండు లోహపు ముఖాలపై ఆధారపడి ఉంటుంది. వాటినే కాంటాక్టులంటారు.

నిర్మాణం

శాశ్వతంగా మూసివేసిన సిరామిక్ గొట్టంలో ఒక కాంటాక్టు స్థిరంగా, మరొకటి కదిలేదిగా ఉంటాయి. దీనిని వాక్యూమ్ బాటిల్ అని వ్యవహరిస్తారు. లోపలి పీడనం వాతావరణ పీడనంలో కోటో వంతు కంటే తక్కువ. బెలోస్ అనే ముడతల లోహపు గొట్టం శూన్యం చెడకుండానే కాంటాక్టు కదలడానికి వీలు కల్పిస్తుంది. 11 కిలోవోల్టుల బ్రేకర్‌లో కాంటాక్టులు విడిపోయే దూరం సాధారణంగా 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే.

ఆర్క్ ఆరిపోయే తీరు

కాంటాక్టులు విడివడగానే వాటి ఉపరితలం నుండి వెలువడిన లోహపు ఆవిరి గుండా ఆర్క్ వెలుగుతుంది. 50 హెర్ట్జ్ విద్యుత్తు సెకనుకు 100 సార్లు శూన్య విలువను తాకుతుంది. ఆ క్షణంలో ఆవిరి చుట్టూ ఉన్న కవచంపైనా, కాంటాక్టులపైనా ఘనీభవించి, మైక్రోసెకన్లలోనే మార్గం మూసుకుపోతుంది. ప్రవాహం సుమారు 10 కిలోఆంపియర్లు దాటితే ఆర్క్ ఒకేచోట గుమిగూడి లోహాన్ని కరిగిస్తుంది. దీనిని నివారించడానికి కాంటాక్టులలో సర్పిలాకారపు గాడులు కోస్తారు. వాటివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం ఆర్క్‌ను ఉపరితలంపై తిప్పుతుంది. మరికొన్ని నమూనాలలో అక్షదిశలోని క్షేత్రం ఆర్క్‌ను పలుచగా పరచి ఉంచుతుంది.

అరుగుదల

1926లో కాలిఫోర్నియాలో సోరెన్సన్, మెండెన్‌హాల్ శూన్య స్విచ్‌లపై తొలి ప్రయోగాలు ప్రచురించిన తరువాత, తగిన లోహం కోసం అన్వేషణ దశాబ్దాలు సాగింది. శూన్యంలో ఆక్సైడ్ పొర లేని శుద్ధ లోహాలు సులభంగా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే నేడు రాగి, క్రోమియం మిశ్రమాన్ని వాడుతున్నారు. రాగి విద్యుత్తును మోస్తుంది. క్రోమియం అతుకును పెళుసుగా చేసి, కాంటాక్టులు విడివడేందుకు తోడ్పడుతుంది.

అరుగుదలను నిర్ణయించేది ప్రధానంగా బ్రేకర్ వయస్సు కాదు, అది తెంచిన ప్రవాహం. సాధారణ లోడుతో వేల సార్లు పనిచేయగల కాంటాక్టు, పూర్తి షార్ట్ సర్క్యూట్ ప్రవాహాన్ని కొన్ని పదుల సార్లు మాత్రమే తట్టుకోగలదు. మొత్తం 2 లేదా 3 మిల్లీమీటర్ల అరుగుదల సాధారణంగా పరిమితి. తయారీదారు ఇచ్చిన విలువే ప్రమాణం.

పరీక్షలు, భద్రత

కాంటాక్టులు కంటికి కనిపించవు. శూన్యం కోల్పోయిన బాటిల్ కూడా మూసి ఉన్నప్పుడు లోడును యథావిధిగా మోస్తూనే ఉంటుంది. లోపం సంభవించిన నాడే దాని బలహీనత బయటపడుతుంది. కనుక నిర్ణీత కాలంలో మూడు పరీక్షలు చేస్తారు. కదిలే కడ్డీపై గుర్తుతో అరుగుదలను, మైక్రో ఓమ్ మీటరుతో కాంటాక్టు నిరోధకతను, తెరిచిన కాంటాక్టుల మధ్య అధిక వోల్టేజితో శూన్యం స్థితిని పరిశీలిస్తారు. పరిమితికి మించిన వోల్టేజి వల్ల ఎక్స్ కిరణాలు వెలువడవచ్చు గనుక, సూచించిన విలువను దాటరాదు. అరిగిన బాటిల్‌ను మరమ్మతు చేయరు, పూర్తిగా మారుస్తారు.

బ్రేకర్ తెరుచుకున్నంత మాత్రాన లైన్ సురక్షితమని భావించరాదు. షట్‌డౌన్ తీసుకొని, బ్రేకర్‌ను వెలుపలికి లాగి లేదా ఐసొలేటర్ తెరిచి, విద్యుత్తు లేదని నిర్ధారించుకొని, ఎర్తింగ్ చేసిన తరువాతనే సిబ్బంది పని ప్రారంభించాలి.