ఒక్క రాత్రి లెక్కకు అందనివారు: డెన్నిస్ కల్‌హేన్ నిరాశ్రయతా పరిశోధన - చారిత్రక పరిశీలన

1980లలో అమెరికా నగరాలలో నిరాశ్రయత ప్రజాసమస్యగా ముందుకు వచ్చినపుడు తొలి వివాదం సంఖ్య గురించే సాగింది. నిరాశ్రయులు 20 నుండి 30 లక్షల మంది ఉంటారని ఉద్యమకారులు వాదించారు. 1984లో కేంద్ర గృహనిర్మాణ శాఖ ఆ సంఖ్యను రెండున్నర నుండి మూడున్నర లక్షలకు కుదించింది. శాఖ లెక్క సగటున ఒక రాత్రికి సంబంధించినది. ఒక్క రాత్రి కనిపించినవారిని లెక్కించడానికీ, ఏడాది పొడవునా వచ్చిపోయేవారిని లెక్కించడానికీ గల భేదాన్ని ఆ వాదవివాదాలలో పట్టించుకున్నవారు తక్కువ.

ఈ భేదాన్నే డెన్నిస్ కల్‌హేన్ తన జీవితకాల పరిశోధనకు మూలంగా చేసుకున్నాడు. బోస్టన్ కాలేజీలో పరిశోధక విద్యార్థిగా ఉన్నపుడు అతడు ఫిలడెల్ఫియాలోని ఒక ఆశ్రయకేంద్రంలో ఏడు వారాలు నివసించాడు. కొన్ని నెలల తరువాత తిరిగి వెళ్ళి చూస్తే అక్కడ పరిచయమైనవారెవరూ కనిపించలేదు. నిరాశ్రయత చాలామందికి స్థిరమైన స్థితి కాదనీ, దాటిపోయే దశ అనీ అతనికి అప్పుడు స్ఫురించింది. తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్, సామాజిక విధాన బోధన చేపట్టి, ఆశ్రయకేంద్రాల ప్రవేశ నమోదులను పరిశోధనకు ఆకరంగా మలచుకున్నాడు. పడకల పద్దుగా పుట్టిన దస్త్రం చరిత్రకు ఆధారం కావడం ఇక్కడ గమనార్హం.

1994లో సహపరిశోధకులతో కలిసి ప్రకటించిన వ్యాసం ప్రకారం, న్యూయార్క్ జనాభాలో మూడు శాతానికి పైగా ఐదేళ్ళ కాలంలో ఏదో ఒకనాడు ఆశ్రయకేంద్రంలో తలదాచుకున్నారు. 1998లో రాండాల్ కూన్‌తో కలిసి ఒంటరి వయోజనులను మూడు వర్గాలుగా విభజించాడు. దాదాపు 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్ళిపోయేవారు, 10 శాతం పదేపదే వచ్చేవారు, మిగిలిన 10 శాతం దీర్ఘకాలం ఉండేవారు. ఈ చివరి వర్గమే మొత్తం పడకదినాలలో సగాన్ని వినియోగించుకుంటున్నదని తేలింది.

విధాననిర్ణేతలు ఎక్కువగా ఉదాహరించిన అధ్యయనం 2002 నాటిది. తీవ్ర మానసిక రుగ్మత గల 4,679 మంది న్యూయార్క్ నిరాశ్రయుల ప్రభుత్వ సేవల నమోదులను అది పరిశీలించింది. ఇల్లు దొరకక ముందు ఒక్కొక్కరిపై ఏటా 40,451 డాలర్ల ప్రభుత్వ వ్యయం అవుతున్నది. సహాయక సేవలతో కూడిన ఇల్లు ఇచ్చాక ఇంటికి ఏటా 16,281 డాలర్లు తగ్గింది. ఇంటి ఖర్చు దాదాపు మొత్తం తిరిగి వచ్చింది కాని పూర్తిగా కాదు, ఏటా 995 డాలర్ల నికర భారం మిగిలింది. ప్రచారంలో ఈ చిన్న అంకె తరచుగా జారిపోయి, ఇల్లు ఇవ్వడం ఖజానాకు లాభమనే మాటే నిలిచింది. ఆ లాభం లేకపోతే ఇల్లు ఇవ్వనవసరం లేదా అన్న ప్రశ్నకు ఆ వాదంలో చోటు లేదు. దీర్ఘకాల నిరాశ్రయతను పదేళ్ళలో అంతం చేస్తామన్న నాటి సమాఖ్య ప్రభుత్వ లక్ష్యం చివరి 10 శాతం మీదే దృష్టి నిలిపింది. అద్దె కట్టలేక వచ్చిపోయే 80 శాతం మంది, కుటుంబాలు నేపథ్యంలోకి జరిగారు.

భారతదేశానికీ ఈ చర్చ దూరమైనది కాదు. 2011 జనగణనలో ఇల్లులేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించగా 17.7 లక్షలకు పైగా తేలారు. అది కూడా ఒక్క రాత్రి చిత్రమే.

కల్‌హేన్ 2013 నాటి అధ్యయనం వయస్సును పరిశీలించింది. 1955-65 మధ్య పుట్టిన తరం నిరాశ్రయతకు అత్యధికంగా గురవుతూ వచ్చింది. 1990లో ముప్పయ్యవ పడి చుట్టూ ఉన్న ఆ తరమే 2010 నాటికి యాభైకి చేరి, ఆశ్రయకేంద్రాలలో ఇంకా పెద్ద వర్గంగా కనిపించింది.