ఒకే వంటిల్లు, మూడు ప్రొఫైల్స్: 300 ఏళ్ల పాత కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక మెసేజ్‌తో మొదలుపెడతా. మన ఎపిసోడ్స్ చూసే ఒక తమ్ముడు పంపాడు.

"అన్నా, మా అమ్మ పచ్చళ్లు పెడుతుంది, నేను ఇన్‌స్టాలో అమ్ముతున్నా. కొనేవాళ్లు మూడు రకాలు. హాస్టల్ కుర్రాళ్లకి పావుకిలో ప్యాకెట్లు కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లకి పార్సిల్ కావాలి. చిన్నపిల్లల తల్లులకి కారం తక్కువ పొడులు కావాలి. అన్నీ ఒకే పేజీలో పెడితే ఎవరూ ఆగి చూడట్లేదు. మూడు ప్రొఫైల్స్ పెడితే తప్పా? ఇంకోటి, తెలిసినాయన ఒకడు, ఇంకో పది అకౌంట్లు తెరిచి మన పచ్చళ్లకి మనమే రివ్యూలు రాసుకుందాం, పక్క ఊరి షాపువాళ్లవి బాలేవని రాద్దాం అంటున్నాడు. అందరూ చేసేదేగా అంటాడు. చెయ్యనా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. రెండింట్లోనూ వాడేది ఒకటే, ఎక్కువ ప్రొఫైల్స్. కానీ రెండూ ఒకటి కాదు. ఆ తేడా ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. కాస్త వెనక్కి వెళ్దాం.

1722, అమెరికాలోని బోస్టన్. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి అప్పుడు 16 ఏళ్లు. అన్న జేమ్స్ నడిపే పత్రిక ప్రెస్సులో పనిచేస్తున్నాడు. తన పేరుతో రాస్తే అన్న వేయడని తెలుసు. అందుకని సైలెన్స్ డూగుడ్ అనే పేరుతో, నడివయసు వితంతువు రాసినట్టు ఉత్తరాలు రాసి, రాత్రిపూట ప్రెస్సు తలుపు కింద నుంచి లోపలికి తోసేవాడు. మొత్తం 14 ఉత్తరాలు అచ్చయ్యాయి. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది ఆయన మొదటి ఫేక్ ప్రొఫైల్!

తర్వాత ఫిలడెల్ఫియాలో సొంత ప్రెస్సు పెట్టాడు. వార్తలు చదివేవాళ్ల కోసం పెన్సిల్వేనియా గెజెట్ పత్రిక. ఊళ్లలో మామూలు జనం కోసం 1732 చివర్లో 'పూర్ రిచర్డ్' అనే పంచాంగం. అందులో వాతావరణం, సూర్యోదయాలు, సామెతలు ఉండేవి. దాని రచయిత పేరు ఫ్రాంక్లిన్ కాదు, రిచర్డ్ సాండర్స్. చేతిలో డబ్బుల్లేక, భార్య పోరు పడలేక పంచాంగం రాస్తున్న ఒక పేదవాడి పాత్ర అది. ఏడాదికి దాదాపు 10,000 కాపీలు అమ్ముడయ్యేవని ఫ్రాంక్లినే తర్వాత రాసుకున్నాడు. అదే 1732లో అక్కడి జర్మన్ వాళ్ల కోసం జర్మన్ భాషలో ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. చందాదారులు చాలక అది కొద్ది సంచికలకే ఆగిపోయింది. కాబట్టి ప్రొఫైల్ విడిగా పెడితే సరిపోదు, దానికి సరిపడా జనం ఉండాలి. ఇది మొదటి పాఠం.

రెండో పాఠం కాస్త చేదు. మార్కెట్లో టైటన్ లీడ్స్ అనే ఇంకో పంచాంగకర్త ఉండేవాడు. 1733 అక్టోబర్ 17న లీడ్స్ చనిపోతాడని రిచర్డ్ సాండర్స్ పేరుతో ఫ్రాంక్లిన్ జోస్యం అచ్చేశాడు. లీడ్స్ "నేను బతికే ఉన్నాను మహాప్రభో" అని తన పంచాంగంలో మొత్తుకున్నాడు. ఫ్రాంక్లిన్ వదల్లేదు. అసలు లీడ్స్ ఇంత మొరటుగా మాట్లాడడు, కాబట్టి ఆయన పోయాడు, ఆయన పేరుతో ఎవరో రాస్తున్నారు అన్నాడు. లీడ్స్ నిజంగా చనిపోయింది 1738లో. ఇవాళ ఈ కథ చదివితే మనకి నవ్వొస్తుంది. కానీ ఒక్కసారి లీడ్స్ వైపు నిలబడి చూడండి. లేని మనిషి పేరు వెనక దాక్కుని ఎవరో నీ వ్యాపారం మీద రాయి వేస్తుంటే, నువ్వు ఎవరితో పోట్లాడతావు?

ఇప్పుడు ఇంకో 200 ఏళ్లు ముందుకొద్దాం. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీకి ఐవరీ అనే పేరున్న సబ్బు ఉంది. 1926లో కామే అనే ఇంకో సబ్బు తెచ్చారు. కామే అడ్వర్టైజ్‌మెంట్లు చూసే నీల్ మెకెల్‌రాయ్ బాధేంటంటే, కంపెనీ దృష్టంతా ఐవరీ మీదే ఉంది. 1931 మే 13న ఆయన మూడు పేజీల నోట్ రాశాడు. ఒక్కో బ్రాండ్‌కి ఒక్కో టీమ్ ఉండాలి, దాన్ని విడి వ్యాపారంలా చూడాలి అన్నది దాని సారం. బ్రాండ్ మేనేజ్‌మెంట్ అనే ఉద్యోగం అక్కడే పుట్టిందంటారు. ఆ మెకెల్‌రాయే తర్వాత ఆ కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు, 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు.

మీ ఇంట్లోనే చూడండి. సర్ఫ్ ఎక్సెల్, రిన్, వీల్ మూడూ హిందుస్తాన్ యూనిలీవర్‌వే. పేర్లు వేరు, ధరలు వేరు, కొనేవాళ్లు వేరు. కానీ ప్యాకెట్ తిప్పి చూస్తే తయారుచేసింది ఎవరో రాసి ఉంటుంది. అసలు కిటుకు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

మన తెలుగువాళ్లూ ఈ పని చేశారు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామ మొదలుపెట్టారు. తెలుగులో 'చందమామ', తమిళంలో 'అంబులిమామ'. తర్వాత మరెన్నో భాషలొచ్చాయి. సినిమా పిచ్చోళ్లకి అదే సంస్థ నుంచి 'విజయచిత్ర' వచ్చింది. పాఠకుణ్ణి బట్టి పేరు మారింది కానీ, వెనకున్న మనుషులు దాక్కోలేదు.

ఇక మన ఫోన్‌లోకి వద్దాం. 2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు యూనివర్సిటీ ఈమెయిల్ ఉంటేనే ఎంట్రీ. ఒక మనిషికి ఒకే గుర్తింపు ఉండాలి, రెండు ఉంటే అది నిజాయితీ లేకపోవడమే అన్నట్టు జుకర్‌బర్గ్ మాట్లాడేవాడు. కానీ వ్యాపారాలకి అది కుదర్లేదు. 2007లో పేజీలొచ్చాయి. 2016 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్ ఒకే యాప్‌లో ఐదు అకౌంట్లు మార్చుకోనిచ్చింది. చివరికి 2023 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్కే అసలు ప్రొఫైల్ కాక ఇంకో నాలుగు పెట్టుకోవచ్చంది. ఒకటే ముఖం అన్న కంపెనీ ఐదు ముఖాలకి ఒప్పుకోవడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

కానీ ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒకళ్లే నడిపే అకౌంట్లు ఒకదానికొకటి తెలియనట్టు నటిస్తూ జనాన్ని మోసం చేస్తే, గుంపుగా తీసేస్తారు. ప్రభుత్వాలూ కళ్లు తెరిచాయి. 2022 నవంబర్‌లో మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకి బీఐఎస్ ప్రమాణం వచ్చింది. 2024 ఆగస్టులో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేక్ రివ్యూలు కొనడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తూ రూల్ తెచ్చింది. తమ్ముడూ, నువ్వు పార్సిల్ పంపేది అక్కడికే, గుర్తుపెట్టుకో.

సో, నా జవాబు ఇది. మూడు ప్రొఫైల్స్ పెట్టు, తప్పేం లేదు. ముందు ఒకటి పెట్టి, జనం ఉన్నారో లేదో చూసుకుని రెండోది తెరువు. ఫ్రాంక్లిన్ జర్మన్ పత్రికలా కాకూడదు కదా. మూడింటి బయోలోనూ అమ్మ వంటింటి పేరు, అదే ఫోన్ నంబర్, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ రాయి. అది నీ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు.

ఆ పది అకౌంట్లు మాత్రం వద్దు. సబ్బు కొనేవాడికి కనీసం కంపెనీ పేరు తెలుసు. పచ్చడి కొనేవాడు కలిపిన చెయ్యిని కూడా చూడలేదు, మాట మీదే డబ్బు పంపుతున్నాడు. ఒక్క దొంగ రివ్యూ బయటపడితే నిజంగా నచ్చి రాసినవాళ్ల రివ్యూలూ దొంగవే అనుకుంటారు. అప్పుడు పోయేది నీ అకౌంట్ కాదు, మీ అమ్మ పేరు. పక్క ఊరి షాపులో కూడా ఒక అమ్మే ఉండొచ్చు.

మీరేమంటారు? మీకు ఎన్ని ప్రొఫైల్స్ ఉన్నాయి, ఎందుకు పెట్టారు, కామెంట్స్‌లో రాయండి. దయచేసి అసలు అకౌంట్‌తోనే రాయండి! నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.