పటిక నీరు, అయానిక సమీకరణం: తెలుగు రసాయన పరిభాషలో ఒక చిక్కు

హనుమాన్ జంక్షన్ వద్ద విజయవాడ–ఏలూరు రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలుస్తాయి. ఉత్తరాన మామిడి తోటల మెట్ట, దక్షిణాన కాలువ కింది మాగాణి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గుడివాడ వైపు పల్లెలకు తాగునీరు కూడా కాలువ నుంచే చెరువులకు చేరింది. బురదనీటిలో పటిక తిప్పి, మడ్డి దిగాక పైతేట వంచుకోవడం డెల్టా ఇళ్లలో పాత అలవాటు.

ఈ చర్యకు పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపించేది అణు సమీకరణం: అల్యూమినియం సల్ఫేటు, కాల్షియం బైకార్బొనేటు కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడు, కాల్షియం సల్ఫేటు, కార్బన్ డయాక్సైడు ఏర్పడతాయి. లెక్క సరిపోతుంది, కాని బిందెలో జరిగేది అంతకన్నా తక్కువ. కాల్షియం, సల్ఫేటు అయాన్లు ముందూ తరువాతా నీటిలో కరిగే ఉంటాయి. వాటిని రెండు వైపులా కొట్టివేస్తే మిగిలేదే నికర అయానిక సమీకరణం: ఒక అల్యూమినియం అయాను, మూడు బైకార్బొనేట్ అయాన్లు కలిసి ఒక అల్యూమినియం హైడ్రాక్సైడు, మూడు కార్బన్ డయాక్సైడు అణువులు.

ఈ దృష్టికి ఆధారమైన సిద్ధాంతం అప్పటికి పాతదేమీ కాదు. ‘అయాన్’ అనే మాటను 1834లో ఫారడే ప్రవేశపెట్టాడు. గ్రీకులో దానికి ‘పోయేది’ అని అర్థం. లవణాలు నీటిలో అయాన్లుగా విడిపోతాయన్న అరీనియస్ వాదం 1884 నాటి సిద్ధాంత వ్యాసంలో మొలకెత్తి, 1887లో రూపుదిద్దుకొని, 1903లో నోబెల్ బహుమతి పొందింది. మూడేళ్లకే, 1906లో, పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. శాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చునన్న నమ్మకం అక్కడ గ్రంథమాలగా రూపుకట్టింది. కళాశాల స్థాయికి ఆ పనిని విస్తరించినది 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి.

పాఠ్యగ్రంథాల పరిభాషలో అయాన్ అయాన్‌గానే నిలిచింది. మడ్డి మాత్రం ‘అవక్షేపం’ అయింది. మొదటిది సబబే. రెండవది కచ్చితమైన మాటే అయినా, దానితోపాటు ‘తేట’, ‘మడ్డి’ పాఠానికి బయటే ఉండిపోయాయి. ఫలితంగా విద్యార్థికి సమీకరణం వచ్చినా, అది తన ఇంటి బిందె గురించేనన్న ఎరుక కలగదు. ఈ నష్టం చిన్నది కాదు: నీటిలో బైకార్బొనేటు చాలకపోతే ఎంత పటిక వేసినా మడ్డి సరిగా దిగదు, నీరు పులుస్తుంది. అప్పుడు కాస్త సున్నం కలపాలి. ఎందుకో చెప్పేది నికర అయానిక సమీకరణమే.