పఠనావగాహన మూల్యాంకనం

పఠనావగాహన మూల్యాంకనం అనగా పాఠశాల విద్యార్థి ఎంత తప్పు లేకుండా, ఎంత ధారాళంగా చదవగలడో, చదివినదానిని ఎంతవరకు గ్రహించగలడో తెలుసుకునే ప్రక్రియ. బిడ్డకు మార్కులు వేయడం దీని ముఖ్యోద్దేశం కాదు. ఆ బిడ్డకు తరువాత ఏమి నేర్పాలో ఉపాధ్యాయునికి తెలియజేయడమే దీని ప్రయోజనం. మూడవ తరగతి నాటికి చదవడం రాని పిల్లలకు ఆపై తరగతుల గణితం, విజ్ఞాన శాస్త్రం, సాంఘిక శాస్త్రం పుస్తకాలు కూడా అందకుండా పోతాయి. అందువలన ప్రాథమిక పాఠశాలలో దీనికి విశేష ప్రాధాన్యం ఉంది.

రెండు సామర్థ్యాలు

చదవడంలో రెండు వేర్వేరు సామర్థ్యాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది అక్షరాలను ధ్వనులుగా మార్చి పదాన్ని పలకడం. రెండవది ఆ భాషను అర్థం చేసుకోవడం. గఫ్, టన్మర్ అను పరిశోధకులు 1986లో పఠనావగాహనను ఈ రెండింటి లబ్ధంగా వివరించారు. ఒకటి సున్న అయితే ఫలితమూ సున్నయే అని దీని భావం. గడగడా చదివి ఒక్క ప్రశ్నకు కూడా జవాబు చెప్పలేని విద్యార్థికి, కథ వింటే చక్కగా జవాబులు చెప్పి పుస్తకం తెరిస్తే తడబడే విద్యార్థికి ఒకే బోధన సరిపోదు. పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కులు వచ్చినా వారి లోపాలు వేరు.

జహీరాబాదు ప్రాంతం

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందిన జహీరాబాదు కర్ణాటక సరిహద్దున ఉన్న పట్టణం. నిజాం కాలంలో బీదరు జిల్లాలో భాగమైన జహీరాబాదు తాలూకా, నీర్నా సర్కిలు మినహా, 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆంధ్ర ప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు చేరింది. 2016 అక్టోబరు 11న కొత్త సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఈ చరిత్ర కారణంగా ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ వినిపిస్తాయి. తండాలలో లంబాడీ మాట్లాడుతారు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్న పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చినా పదానికి అర్థం తోచకపోవచ్చు. అట్టి బిడ్డ చదువలేకపోతున్నాడని నిర్ణయించే ముందు, అదే విషయాన్ని నోటిమాటగా చెబితే అర్థమవుతున్నదా అని ఉపాధ్యాయుడు పరిశీలించాలి. ఇంటిభాషలో జవాబు చెప్పినా అవగాహన ఉన్నట్లే లెక్కించాలి.

తెలుగు పఠనంలో ప్రత్యేకతలు

తెలుగు లిపిలో అక్షరమాల నేర్చిన వెంటనే చదవడం రాదు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు పట్టుబడాలి. మ-య, ప-వ, ద-ధ-థ వంటి పోలిక గల అక్షరాల మధ్య తికమక, హ్రస్వ దీర్ఘాల భేదం పాటించకపోవడం, ఒత్తును విడిచి చదవడం తరచుగా కనిపించే దోషాలు. ఏ దోషం ఎన్నిసార్లు వచ్చిందో గుర్తించి రాసుకుంటే ఏ పాఠం మళ్ళీ చెప్పాలో తెలుస్తుంది.

నిమిషానికి చదివిన పదాలను లెక్కించే పద్ధతిలో మరొక చిక్కు ఉంది. హిందీలో "బాజార్ మేఁ సే" అని మూడు పదాలుగా రాసేది తెలుగులో "బజారులోంచి" అని ఒకే పదం అవుతుంది. కావున పదాల సంఖ్యను బట్టి ఒక భాష పిల్లలను మరొక భాష పిల్లలతో నేరుగా పోల్చరాదు.

తరగతి గదిలో పద్ధతి

అవగాహనను పరీక్షించడానికి పిల్లలు ముందుగా చదవని చిన్న పేరాను, అనగా అపరిచిత గద్యాన్ని ఎంచుకోవాలి. పాఠ్యపుస్తకంలోని పేరా ఇస్తే జ్ఞాపకశక్తి బయటపడుతుంది కాని పఠనశక్తి కాదు. ఉదాహరణకు:

"గంగమ్మ అల్లం మూట నెత్తిన పెట్టుకొని తెల్లవారకముందే సంతకు బయలుదేరింది. మధ్యాహ్నం పెద్ద వాన పడింది. సంతలో జనం చెదిరిపోయారు. సాయంత్రం ఆమె సగం మూటతో ఇంటికి వచ్చింది."

దీనిపై మూడు రకాల ప్రశ్నలు వేయవచ్చు.
* నేరు ప్రశ్న: గంగమ్మ సంతకు ఏమి తీసుకొని వెళ్ళింది?
* ఊహించి చెప్పే ప్రశ్న: సగం మూట ఎందుకు మిగిలిపోయింది?
* ఆలోచన ప్రశ్న: ఆమె స్థానంలో నీవుంటే ఏమి చేసేవాడివి?

మొదటిదానికి జవాబు పేరాలోనే దొరుకుతుంది. రెండవదానికి వానకు, జనం చెదిరిపోవడానికి, సరకు అమ్ముడుపోకపోవడానికి గల సంబంధాన్ని విద్యార్థి స్వయంగా కలుపుకోవాలి. నేరు ప్రశ్నలకే పరిమితమైన పరీక్ష అవగాహనను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది.

2009 నాటి విద్యా హక్కు చట్టం (అమలు 2010 ఏప్రిల్ 1) సమగ్ర నిరంతర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. తెలంగాణ పాఠశాలలలో నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు ఈ విధానంలోనివే.

సర్వేలు

ప్రథమ్ సంస్థ 2005లో ప్రారంభించిన 'అసర్' సర్వేలో గ్రామీణ పిల్లలను ఇంటి వద్దనే ఒక్కొక్కరిగా పరీక్షిస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ అని ఇందులో నాలుగు మెట్లు. 2018లో రెండవ తరగతి పాఠం చదవగలిగిన మూడవ తరగతి పిల్లలు దేశంలో 27.3 శాతం, తెలంగాణలో 18.1 శాతం. 2020, 2021లలో కోవిడ్ వలన బడులు దీర్ఘకాలం మూతబడిన తరువాత, 2022 సర్వేలో ఇవి వరుసగా 20.5 శాతానికి, 5.2 శాతానికి పడిపోయాయి. అదే కాలంలో ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ సంఖ్య 22.6 నుండి 10.3 శాతానికి తగ్గింది. అయితే ఈ సాధనం ప్రధానంగా చదవగలగడాన్నే కొలుస్తుంది.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022 మార్చిలో మూడవ తరగతి పిల్లలు సుమారు 86 వేల మందిని 20 భాషలలో ముఖాముఖి పరీక్షించింది. ఇందులో చదివే వేగాన్ని అవగాహనతో కలిపి భాషల వారీగా ప్రమాణాలు నిర్ణయించారు.

ఆంధ్ర ప్రదేశ్‌లో జరిగిన ప్రయోగం

మూల్యాంకనం ఒక్కటే చదువును మెరుగుపరుస్తుందా అన్న ప్రశ్నకు ఒక ప్రయోగం నుండి సమాధానం లభించింది. 2005లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పెద్ద ప్రయోగం మొదలుపెట్టాయి. పిల్లలకు తెలుగు, గణితంలో పరీక్షలు పెట్టారు.

కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 100 పాఠశాలలలో ఉపాధ్యాయులకు పిల్లల లోపాలను వివరించే నివేదికలు ఇచ్చి బోధనను అప్పుడప్పుడు పరిశీలించారు. పరిశీలకులు ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధ చూపారు. కాని సంవత్సరాంతంలో ఆ పిల్లల మార్కులు ఇతర పాఠశాలల పిల్లల కంటే మెరుగుపడలేదు. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహక వేతనం ఇచ్చిన పాఠశాలలలో మాత్రం రెండేళ్ళలో గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించింది. నివేదిక చేతిలో ఉన్నంత మాత్రాన బోధన మారదని ఈ ప్రయోగం తెలియజేస్తున్నది.

తదుపరి కార్యక్రమాలు

కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్‌ను ప్రారంభించి, 2026-27 నాటికి మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకు చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలని లక్ష్యంగా పెట్టుకున్నది. మూడవ తరగతి విద్యార్థి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలనేది అందులోని ప్రమాణం. తెలంగాణ ప్రభుత్వం 1 నుండి 5 తరగతుల కొరకు 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' కార్యక్రమాన్ని ప్రారంభించింది. పిల్లల ప్రస్తుత స్థాయిని గుర్తించి, తరగతిని బట్టి కాక ఆ స్థాయిని బట్టి బోధించడం ఇటువంటి కార్యక్రమాలకు మూలసూత్రం. పదాల మెట్టు వద్ద ఆగిన నాలుగవ తరగతి విద్యార్థికి నాలుగవ తరగతి పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చదివించడం వలన ప్రయోజనం ఉండదు. గుర్తించిన లోపానికి తగిన పాఠం మరునాడే మొదలైనప్పుడు మూల్యాంకనం తన పని పూర్తిచేసినట్లు అవుతుంది.

ఇవి కూడా చూడండి
* జహీరాబాదు
* విద్యా హక్కు చట్టం
* సర్వ శిక్షా అభియాన్
* తెలుగు లిపి