యూనిక్స్ ఖాతా: యాభై ఏళ్ల అనుమానం

యూనిక్స్ చరిత్రను కెర్నెల్ వైపు నుంచో, సి భాష వైపు నుంచో చెప్పడం రివాజు. యూజర్ ఖాతాల వైపు నుంచి చూస్తే మాత్రం, ఎవరిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోలేక పడ్డ పాట్లే కనిపిస్తాయి.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్‌కు 1971 నవంబరులో తొలి మాన్యువల్ వచ్చింది. పాస్‌వర్డ్ ఫైలు అప్పటికే ఉంది: మనిషికో వరుస, వివరాల మధ్య కోలన్లు. పేరు మన సౌకర్యానికే. కెర్నెల్ చూసేది నంబరునే. సున్నా నంబరు ఎవరిదైతే వాళ్లే రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో ఆ నంబరుకు ఎనిమిది బిట్లే, అంటే 256 నంబర్లే. యూనిక్స్ తరహా వ్యవస్థ అయిన లినక్స్‌లో, 2001లో వచ్చిన 2.4 వెర్షన్‌తో అది 32 బిట్లకు చేరింది. తొలినాళ్లలో ఒక మనిషి ఒకసారికి ఒక్క గ్రూపులోనే ఉండాలి. ఇంకో బృందం ఫైళ్లు ముట్టుకోవాలంటే కమాండ్ కొట్టి గ్రూపు మారాలి. ఆ ఇబ్బంది 1983లో బర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీతో తీరింది.

అసలు తంటా పాస్‌వర్డులతో వచ్చింది. నంబరును పేరుగా చూపించాలంటే ఆ ఫైలును ఎవరైనా చదవగలగాలి. పాస్‌వర్డుల గుప్తరూపమూ అందులోనే ఉండేది. రాబర్ట్ మోరిస్, థాంప్సన్ 1979లో ప్రచురించిన పరిశీలనలో 3,289 పాస్‌వర్డులకు 2,831 ఇట్టే దొరికిపోయే రకం. అందుకే ప్రతిదానికీ 12 బిట్ల సాల్ట్ (యాదృచ్ఛిక విలువ) కలిపి, డీఈఎస్ గుప్తీకరణను 25 సార్లు తిప్పే పద్ధతి పెట్టారు. 1988 నవంబరులో ఆ మోరిస్ కొడుకే వదిలిన వార్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రాము), అదే ఫైలు చదివి, పాస్‌వర్డులు ఊహించి ఖాతాల్లోకి దూరింది. గుప్తరూపాన్ని రూట్ మాత్రమే చదవగల షాడో ఫైలుకు తరలించడం ఆ రోజుల్లోనే ఊపందుకుంది. పాత బీఎస్‌డీ ఫైల్లో మిగిలిన థాంప్సన్ సొంత పాస్‌వర్డు 2019లో రోజుల తరబడి గ్రాఫిక్స్ కార్డు నడిపాక బయటపడింది. అది మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపే చదరంగపు ఎత్తు.

ఆ అనుమానం అడ్మిన్‌నూ వదల్లేదు. రూట్ పాస్‌వర్డు నలుగురికీ పంచే అవసరం లేకుండా 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫలో శాఖలో సుడో కమాండ్ పుట్టింది. ఇప్పుడు ఆ అనుమానం ప్రోగ్రాముల మీదికి మళ్లింది. వెబ్ సర్వర్‌కు సొంత ఖాతా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ 10000 నుంచి మొదలయ్యే వేరే యూజర్ నంబరు దక్కుతుంది.

ఇన్ని మారినా కెర్నెల్‌కు నేటికీ నంబరే ఆధారం. ఉద్యోగి వెళ్లిపోయాక ఖాతా తీసేస్తే, హోమ్ డైరెక్టరీ బయట ఉన్న అతని ఫైళ్లు ఉత్త నంబరు పేరిట మిగిలిపోతాయి. అది చివరి నంబరైతే, తర్వాత తెరిచే ఖాతాకు లినక్స్‌లో అదే దక్కడం మామూలే. దాంతో ఆ ఫైళ్లూ కొత్తవాళ్లవి అవుతాయి. అనుభవమున్న అడ్మిన్ ముందు ఖాతాకు తాళం వేసి, ఫైళ్లు వెతికి అప్పగించాకే దాన్ని తీసేస్తాడు. ఆ జాగ్రత్తను యాభై ఏళ్లలో ఏ వెర్షనూ మనిషి చేతుల్లోంచి తీసుకోలేదు.