రావివలస – ఉద్దానం ప్రాంతంలో గృహ నివేశన హక్కు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఎండల మల్లికార్జునస్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందిన రావివలస శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని గ్రామం. దానికి ఈశాన్యంగా పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల మీదుగా ఇచ్ఛాపురం వరకు ఉద్దానం విస్తరించింది. ఈ ప్రాంత చరిత్రను చర్చించేటప్పుడు జమీందారీ వ్యవస్థ, రైతు పోరాటాలు, కొబ్బరి, జీడి తోటలు ప్రధానంగా ప్రస్తావనకు వస్తాయి. ఇంటి కింది నేలపై హక్కు మాత్రం సాగుభూమి చర్చలో మరుగునపడుతూ వచ్చింది. సాగుభూమికి పట్టా లభించిన క్రమంలో ఇంటి స్థలం పత్రం లేని ఆస్తిగా ఎందుకు మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి గోడ

ఉత్తరాంధ్ర గ్రామాలలో వీధికి ఇరువైపులా ఒకదానికొకటి ఆనుకొని వరుసగా ఇళ్ళు కట్టడం పరిపాటి. ముందు అరుగు, వెనుక పెరడు, నడుమ పొడవాటి ఇల్లు ఉంటాయి. పక్కపక్క ఇళ్ళకు మధ్యగోడ తరచుగా ఒకటే. ఈ పద్ధతి నేలను, ఖర్చును ఆదా చేసింది. అయితే అన్నదమ్ముల పంపకాలలో ఇంటి వెడల్పు తగ్గుతూ వచ్చింది. పెంకుటిల్లు తీసి డాబా వేయదలచినప్పుడు మధ్యగోడ ఎవరిది, చూరునీరు ఎటు పోవాలి అన్న వివాదాలు తలెత్తాయి. వెలుతురు, దారి, నీటిపారుదల వంటి హక్కులను దీర్ఘకాలిక అనుభవం ఆధారంగా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తించింది. గోడ యాజమాన్యాన్ని తేల్చడానికి మాత్రం చెక్కుబందీలు రాసిన దస్తావేజు ఎంతో అవసరం. తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్న ఇంటికి చాలాచోట్ల అటువంటి దస్తావేజు ఉండదు. ఈ లోపానికి మూలం జమీందారీ కాలపు చట్టాలలో కనిపిస్తుంది.

చట్టం విడిచిపెట్టిన నేల

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు టెక్కలి ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఇక్కడి జమీందారీ గ్రామాలకు వర్తించిన 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, జిరాయితీ భూమిలో రైతుకు శాశ్వత సాగుహక్కును గుర్తించింది. అయితే ఆ చట్టంలోని 3వ సెక్షన్ జిరాయితీ భూమిని నిర్వచిస్తూ చెరువు గర్భాలను, కళ్ళాలను, పశువుల నిలుపు బయళ్ళను, గ్రామ నివేశన స్థలాలను మినహాయించింది. అందువల్ల రైతు దున్నే మడికి లభించిన రక్షణ అతడు నివసించే ఇంటి నేలకు లభించలేదు.

ఇంటి పైకప్పు కూడా జమీందారీ అధికారం పరిధిలోనే ఉండేది. వాసాలకు, దూలాలకు, నాగళ్ళకు కావలసిన కలప అడవి నుంచే రావాలి. మందస జమీందారీలో అటవీ కలపపై రైతులు సాగించిన పోరాటం 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురం కాల్పులకు దారితీసింది. అందులో వీరగున్నమ్మతో పాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. కొద్దిరోజుల ముందే, మార్చి చివరిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. మందస ఘటనను రైతు పోరాట చరిత్రలో భాగంగానే కాక గృహ చరిత్రలో భాగంగానూ చదవవలసి ఉంది.

హక్కు ఉన్నా పత్రం లేని స్థితి

1948 ఎస్టేట్ల రద్దు చట్టం ఈ లోపాన్ని కొంత సవరించింది. 18వ సెక్షన్ ప్రకారం జమీందారీ కచేరీ భవనాలు ప్రభుత్వానికి దఖలుపడగా, ఇతర భవనాలు అప్పటి యజమానులకే చెందాయి. భవనమంటే అది నిలిచిన స్థలం కూడా. కానీ సాగుభూమికి విచారణ జరిపి రైతువారీ పట్టా ఇచ్చిన రీతిగా ఇంటి స్థలానికి పట్టా ఇవ్వలేదు. హక్కు చట్టం వల్ల సంక్రమించింది. దాన్ని చూపే కాగితం పుట్టలేదు. గ్రామకంఠం పేరుతో నమోదైన విస్తీర్ణంలో ఏ ఇల్లు ఎవరిదో రెవెన్యూ రికార్డు చెప్పదు. గ్రామకంఠం దానంతటదే ప్రభుత్వ భూమి కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పలు తీర్పులలో స్పష్టం చేసినా, బ్యాంకు రుణం, రిజిస్ట్రేషన్, నిర్మాణ అనుమతి కోరే గృహస్థుకు కాగితం లేని ఇబ్బంది తప్పలేదు.

పరుల స్థలంలో గుడిసె వేసుకున్న వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి 1976 నివేశన స్థలాల యాజమాన్య చట్టం హక్కు కల్పించింది. అద్దెదారుల స్థితి వేరు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పురపాలక పట్టణాలకు ఉద్దేశించినది. పంచాయతీల పరిధిలో అద్దెకున్నవారికి మాటమీది ఒప్పందమే తరచు ఆధారమైంది.

తుపాను తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అప్పటి జాతీయ సహాయ ప్రమాణాల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 95,100 రూపాయలు, గుడిసెకు 4,100 రూపాయలు. దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలన్నది నిబంధన. ఒకే గాలికి కూలిన రెండు కప్పుల మధ్య ఇరవై రెట్లకు పైగా తేడా, ఆ కప్పును అధికారి ఏ పేరుతో రాశాడన్న దానిపై ఆధారపడింది. ఇంటికిచ్చే పరిహారంలో అద్దెదారుకు చోటు లేదు.

ముగింపు

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం గ్రామ నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి పత్రాలు ఇవ్వడానికి ఉద్దేశించినది. 1908 నుంచి వస్తున్న లోటును పూరించే అవకాశం ఇటువంటి కొలతలకు ఉంది. అయితే డ్రోను కప్పును చూస్తుంది. వరుస ఇళ్ళలో ఒకే కప్పు కింద ఉన్న మధ్యగోడను చూడదు. ఆ గోడ ఎవరిది, ఉమ్మడి ఇంటిలో ఆడపడుచుల వాటా ఎంత, అద్దెకున్నవారెవరు అన్నవి ఇంటి అరుగు మీద కూర్చుని విచారించి నమోదు చేయవలసిన విషయాలు. ఆ విచారణ జరగకుండా పత్రం వెలువడితే, ఇన్నాళ్ళూ పత్రం లేక నష్టపోయిన గృహస్థు ఇకపై తప్పుడు పత్రం వల్ల నష్టపోవలసి వస్తుంది.