ఊహలో సాధన

నేడు కాకినాడ జిల్లాలో ఉన్న పిఠాపురం ఒకప్పుడు సంస్థాన ముఖ్యపట్టణం. ఆ సంస్థానాన్ని ఏలిన రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు కాలంలో ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి అను జంటకవులు అక్కడ ఆస్థాన కవులు. వేంకట రామకృష్ణ కవులని పేరొందిన వీరు అవధానాలలో ప్రసిద్ధులు.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, మరొకరు అక్షరాన్ని నిషేధిస్తారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తిచేస్తాడు. నడుమ అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పవలె. చేతిలో కలం గాని, ఎదుట కాగితం గాని ఉండదు. చివర ధారణలో పద్యాలన్నీ వరుసగా అప్పగించవలె. ఇది పుట్టుకతో వచ్చే వరం మాత్రమే కాదు. గురువువద్ద ఏళ్ల తరబడి చేసిన సాధన ఫలం.

మాటలను మనస్సులో నిలుపుకొన్నట్లే శరీర చలనాన్ని కూడా మనస్సులో అభ్యసించవచ్చునా? ఈ ప్రశ్నకు శాస్త్రలోకంలో దీర్ఘ చరిత్ర ఉన్నది. ఒక కదలికను గూర్చిన భావనయే కండరాలను స్వల్పంగా కదిలించగలదని 1852లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం కార్పెంటర్ ప్రతిపాదించాడు. 1930 ప్రాంతంలో అమెరికాలో ఎడ్మండ్ జేకబ్‌సన్, చెయ్యి వంచుతున్నట్లు ఊహించుకొన్న మనిషి కండరంలో సూక్ష్మమైన విద్యుత్తు పుట్టడం పరికరాలతో కొలిచాడు. అయితే నేర్పు పెరగడానికి కారణం కండరంలో కాక మెదడులోనే ముఖ్యంగా ఉన్నదని తరువాత తేలింది.

1995లో ఆల్వరో పాస్కువల్ లియోన్, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగం ఇందుకు మంచి నిదర్శనం. కొందరు రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు పియానోపై అయిదు వేళ్ల పాఠం వాయించారు. మరికొందరు అదే పాఠాన్ని వేళ్లు కదపకుండా ఊహించుకొన్నారు. ఉభయులలోనూ మెదడులో ఆ వేళ్లను నడిపే ప్రాంతపు పరిధి పెరిగింది. అయిదవ నాటికి ఊహించుకొన్నవారి నేర్పు, వాయించినవారి మూడవ నాటి నేర్పుకు సమానమయింది. ఆపైన ఒక్కసారి రెండు గంటలు వాయించగానే వారు తక్కినవారితో సమానులైనారు.

ఈ విషయం మంచుమీద జారే ఫిగర్ స్కేటింగ్ నేర్చే బాలబాలికలకు మిక్కిలి అవసరం. వారు గాలిలోకి ఎగిరి గిరగిర తిరిగి, ఇరుకైన ఉక్కు అలుగుపై వాలవలె. గాలిలో ఉండే కాలం ఒక సెకండులోపే. అక్కడ ఆలోచనకు వ్యవధి లేదు. క్రమమంతా ముందే మనస్సులో కుదిరి ఉండవలె. తప్పినప్పుడల్లా గట్టి మంచుపై పడవలసిందే. అందుచేత పదేపదే ఎగిరి నేర్చుకొనడానికి లేత శరీరం ఓర్చే హద్దు ఒకటున్నది.

1998లో గార్జా, ఫెల్ట్జ్ అను పరిశోధకులు అమెరికాలో 27 మంది స్కేటర్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టు తమ ప్రదర్శన క్రమాన్ని కాగితంపై గీసింది. ఒకటి నేలపై నడుస్తూ దానిని అభినయించింది. మూడవది శరీరాన్ని సాగదీసే వ్యాయామం మాత్రమే చేసింది. మొదటి రెండు జట్ల నేర్పు, పోటీకి కావలసిన ధైర్యం మూడవ జట్టుకన్న ఎక్కువగా పెరిగాయి.

ఐనను ఊహాసాధనకు హద్దులు కలవు. శరీరంతో ఎన్నడూ చేయని పనిని సరిగా ఊహించడం కష్టం. తప్పు కదలికనే ఊహిస్తే తప్పే స్థిరపడవచ్చు. పైగా ఊహాచిత్రాల స్పష్టత అందరికీ ఒకటి కాదు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ భేదాన్ని ప్రశ్నావళితో వెల్లడించాడు. మనస్సులో చిత్రమే కనబడనివారు కూడా కొందరున్నారు. అట్టివారికి గీయడం, నడిచి చూడడం వంటి పద్ధతులు అనుకూలించవచ్చు.

కాబట్టి వ్యాయామ తరగతిలో గాని, వీణ పాఠంలో గాని ఒక విద్యార్థి కన్నులు మూసుకొని కూర్చుంటే ఉపాధ్యాయుడు వెంటనే సోమరి అనుకొనరాదు. ఏమి ఊహిస్తున్నావని అడిగి, వరుస చెప్పించి, తప్పుంటే దిద్ది, పిమ్మట చేయించి చూడవలె. పద్యపు పాదాలను కట్టి ధారణలో అప్పగించే అవధాని సాధన కూడా ఇటువంటిదే.